పర్యావరణ శాస్త్రం పదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్, డిగ్రీ విద్యార్థులూ, గ్రూప్స్‌కీ డీఎస్సీకీ తయారయ్యేవాళ్లూ పర్యావరణ శాస్త్రంలో మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు, ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది. పదం అర్థం చెప్పి వదిలేయకుండా దాన్ని ఏ ప్రమాణంలో, ఎంత కాలానికి కొలుస్తారో కూడా రాశాం. చదివినవాళ్లు కూడా తప్పులు చేసేది ఎక్కువగా అక్కడే.

## మొదలుపెట్టేటప్పుడు

పర్యావరణం, ఆవరణ వ్యవస్థ ఒకటేనా?

కాదు. పర్యావరణం అంటే ఒక జీవి చుట్టూ ఉండి దాని బతుకును ప్రభావితం చేసేదంతా: గాలి, నీరు, నేల, వెలుతురు, తోటి జీవులు. ఆవరణ వ్యవస్థ అంటే ఒక చోట ఉన్న జీవులూ, నిర్జీవ అంశాలూ శక్తినీ పోషకాలనూ ఇచ్చిపుచ్చుకుంటూ కలిసి పనిచేసే ఏర్పాటు. ఈ భావనకు 1935లో పేరు పెట్టింది బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్‌లీ. ఊరి చెరువు ఒక ఆవరణ వ్యవస్థ. అందులో ఉండే కొర్రమీను వైపు నుంచి చూస్తే నీరు, నాచు, చిన్న చేపలు, ఒడ్డున కాచుకున్న కొంగ అన్నీ దాని పర్యావరణం. ఈ సంబంధాలను చదివే శాస్త్రం ఆవరణ శాస్త్రం, అంటే ఎకాలజీ. పర్యావరణ శాస్త్రం దానికన్నా విశాలమైనది. కాలుష్యం, చట్టాలు, వనరుల వాడకం కూడా అందులోకి వస్తాయి.

వెదర్‌కీ, క్లైమేట్‌కీ, అట్మాస్ఫియర్‌కీ అన్నింటికీ వాతావరణం అనే అంటున్నారు. ఏది ఎక్కడ రాయాలి?

భూమి చుట్టూ ఉన్న గాలి పొర గురించి రాసేటప్పుడు వాతావరణం అనండి, అది అట్మాస్ఫియర్. ఇవాళ, రేపు, ఈ వారం ఎండ, వాన, గాలి ఎలా ఉన్నాయన్నది వెదర్. దానికీ వాడుకలో వాతావరణమే అంటాం కాబట్టి ‘నేటి వాతావరణం’ అని రాస్తే సందిగ్ధం ఉండదు. క్లైమేట్‌కు పాఠ్యపుస్తకాల మాట శీతోష్ణస్థితి. ఒక ప్రాంతపు వెదర్‌ను దీర్ఘకాలం, సాధారణంగా 30 ఏళ్లు, గమనించి తీసిన సగటు, హెచ్చుతగ్గుల తీరు అది. రెంటచింతలలో ఇవాళ 45 డిగ్రీలు నమోదైందంటే అది వెదర్. పల్నాడులో మే నెల మండిపోతుందన్నది క్లైమేట్. ‘వాతావరణ మార్పు’ అన్న పదబంధం మాత్రం పత్రికల్లో, ప్రభుత్వ పత్రాల్లో స్థిరపడిపోయింది. దాన్ని నిస్సంకోచంగా వాడవచ్చు. ఒక ఏడాది వానలు పడకపోతే దాన్ని వాతావరణ మార్పు అనడమే అసలు తప్పు.

10 శాతం నియమాన్ని ఎక్కడ నుంచి లెక్కపెట్టాలి? సూర్యుడి నుంచా, మొక్క నుంచా?

మొక్క నుంచి. ఒక పోషక స్థాయిలో ఉన్న శక్తిలో సుమారు 10 శాతమే పై స్థాయికి చేరుతుందన్నది రేమండ్ లిండెమన్ 1942లో ప్రతిపాదించిన నియమం. మొక్కల్లో 10,000 కిలోకేలరీలు ఉంటే మిడతలకు 1,000, కప్పలకు 100, పాముకు 10. చాలామంది సూర్యశక్తికే 10 శాతం వేసి లెక్క మొదలుపెడతారు. మొక్కలు తమ మీద పడిన వెలుతురులో సుమారు 1 శాతమే పట్టుకోగలవు కాబట్టి జవాబు మొదటి మెట్టులోనే తప్పుతుంది. మిగతా 90 శాతం మాయమైపోదు. శ్వాసక్రియలో వేడిగా పోతుంది, తినకుండా మిగులుతుంది, అరగక విసర్జన అవుతుంది.

పోషక స్థాయిలను ఒకదాని మీద ఒకటి పేర్చి గీసేదే పిరమిడ్. ఈ నియమం వల్లే శక్తి పిరమిడ్ ఎప్పుడూ తలకిందులు కాదు. సంఖ్యా పిరమిడ్ కావచ్చు: ఒక్క చింతచెట్టు మీద వేల పురుగులు బతుకుతాయి. జీవద్రవ్యరాశి పిరమిడ్ సముద్రంలో తలకిందులవుతుంది. ఎందుకంటే వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు, త్వరగా పుట్టి త్వరగా తినబడతాయి, ఏ క్షణంలో తూచినా వాటి బరువు తక్కువే ఉంటుంది.

ఆవాసం, నిచ్ మధ్య తేడా ఒక్క ముక్కలో?

ఆవాసం జీవి ఉండే చోటు, నిచ్ ఆ చోట అది చేసే పని. ఒకే చెట్టు మీద గుడ్లగూబ రాత్రి ఎలుకలను పడుతుంది, చిలుక పగలు పండ్లు తింటుంది. ఆవాసం ఒకటే, నిచ్‌లు వేరు.

పీపీఎం, పీపీబీ అంటే ఎంత? మిల్లీగ్రాములతో ఎలా కలపాలి?

పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు, పీపీబీ అంటే వంద కోట్లలో ఒక వంతు. 1 పీపీఎం = 1,000 పీపీబీ. నీటి విషయంలో 1 పీపీఎం అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము. వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకులో ఒక గ్రాము ఉప్పు కరిగితే 1 పీపీఎం. గాలిలో ఈ సమీకరణం పనికిరాదు. అక్కడ పీపీఎం ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది, బరువును బట్టి కాదు. అందుకే గాలిలోని ధూళిని ఘనమీటరుకు మైక్రోగ్రాముల్లో, కార్బన్ డయాక్సైడ్‌ను పీపీఎంలో చెబుతారు.

## నీటి పదాలు

బిఓడి ఎక్కువుంటే మంచిదా, చెడ్డదా? ఎలా కొలుస్తారు?

చెడ్డది. బిఓడి అంటే జీవరసాయన ఆక్సిజన్ అవసరం. నీటిలోని సేంద్రియ మలినాలను సూక్ష్మజీవులు కుళ్లబెట్టేటప్పుడు వాడుకునే ఆక్సిజన్ ఎంతో చెప్పే అంకె ఇది. లీటరుకు మిల్లీగ్రాముల్లో రాస్తారు. మురికిని నేరుగా కొలవరు, మురికి వల్ల ఖర్చయ్యే ఆక్సిజన్‌ను కొలుస్తారు. పేరులో ఆక్సిజన్ ఉంది కాబట్టి ఎక్కువుంటే మంచిదనుకోవడమే సర్వసాధారణమైన పొరపాటు.

పరీక్షకు 300 మిల్లీలీటర్ల సీసా తీసుకుని, నమూనాను ఆక్సిజన్ నిండిన నీటితో పలుచన చేసి, గాలి బుడగ మిగలకుండా నింపి మూత పెడతారు. మొదటి రోజు కరిగిన ఆక్సిజన్ కొలుస్తారు. తర్వాత చీకట్లో 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచి మళ్లీ కొలుస్తారు. మన దేశ ప్రమాణాల్లో 27 డిగ్రీల దగ్గర 3 రోజుల పద్ధతి వాడుతున్నారు. మురుగు నీరు 3 మిల్లీలీటర్లు వేసి సీసా నింపితే పలుచన 100 రెట్లు. ఆక్సిజన్ 8 నుంచి 5కు తగ్గితే తేడా 3, బిఓడి 300.

చీకట్లో ఎందుకంటే, వెలుతురు ఉంటే నమూనాలోని నాచు ఆక్సిజన్ తయారుచేసి లెక్క చెడగొడుతుంది. పలుచన చాలకపోతే ఉన్న ఆక్సిజనంతా ముందే అయిపోయి, బిఓడి అసలు కన్నా తక్కువ కనిపిస్తుంది. నమూనాలో క్లోరిన్ మిగిలి ఉంటే సూక్ష్మజీవులు చచ్చిపోయి మురికి నీరే శుభ్రంగా ఉన్నట్టు అంకె వస్తుంది. గుర్తుంచుకోవలసిన హద్దులు రెండు: నదుల్లోకి, చెరువుల్లోకి వదిలే శుద్ధి చేసిన వ్యర్థ జలానికి సాధారణ పరిమితి 30, స్నానానికి పనికొచ్చే నదీ జలానికి 3.

సిఓడి ఎప్పుడూ బిఓడి కన్నా ఎక్కువే ఎందుకు వస్తుంది?

సూక్ష్మజీవులు తినలేనివాటిని కూడా రసాయనం ఆక్సీకరణ చేస్తుంది కాబట్టి. సిఓడి అంటే రసాయన ఆక్సిజన్ అవసరం. దాని పరీక్షలో పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి రెండు గంటలు మరిగిస్తారు. జవాబు అదే రోజు వస్తుంది. రెండింటి నిష్పత్తి చాలా చెబుతుంది. సిఓడి బిఓడికి రెట్టింపు వరకూ ఉంటే ఇళ్ల మురుగు లాంటిది, జీవ పద్ధతిలో శుద్ధి చేయవచ్చు. అనేక రెట్లుంటే పరిశ్రమల రసాయనాలు కలిశాయని అనుమానించాలి.

ఎండాకాలం తెల్లవారుజామున చేపలు నీటి పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. దీనికి సంబంధించిన పదం ఏది?

కరిగిన ఆక్సిజన్, పొట్టిగా డీఓ. నీరు వేడెక్కేకొద్దీ దానిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే మంచినీటిలో 30 డిగ్రీల దగ్గర 7.5 చిల్లరే పడుతుంది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రంతా నాచు, చేపలు, బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందువల్ల తెల్లవారే ముందు డీఓ అడుగంటుతుంది. భీమవరం, కైకలూరు వైపు ఆక్వా రైతులు రాత్రిపూట ఏరేటర్లు తిప్పేది ఇందుకే. మధ్యాహ్నం ఒక్కసారి కొలిచి ‘డీఓ బాగుంది’ అనుకుంటే మోసపోతాం.

టిడిఎస్ మీటరులో అంకె తక్కువ వస్తే ఆ నీళ్లు తాగొచ్చా?

ఆ ఒక్క అంకెతో చెప్పలేం. టిడిఎస్ అంటే నీటిలో కరిగిన మొత్తం ఘనపదార్థాలు. చేతి మీటరు నిజానికి కొలిచేది విద్యుత్ వాహకతను, దాన్నే టిడిఎస్‌గా మార్చి చూపిస్తుంది. బాక్టీరియా, పురుగుమందుల అవశేషాలు దానికి కనిపించవు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ హానికరమే, కానీ ఆ రెండు మిల్లీగ్రాములు 300 టిడిఎస్‌లో కలిసిపోతాయి. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టిడిఎస్ 500 వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకని చోట 2,000 వరకు అనుమతిస్తారు.

ఫ్లోరైడ్ ఎంత దాటితే ప్రమాదం? నల్లగొండ పద్ధతి అంటే ఏమిటి?

తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీరు లేకపోతే 1.5 వరకు. ఆపైన ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద మచ్చలు, తర్వాత ఎముకలు వంగి బిగుసుకుపోవడం. దీని పేరు ఫ్లోరోసిస్. భారతదేశంలో దీన్ని మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. మన నేలకు ఈ పదంతో ఉన్న సంబంధం బాధాకరమైనది, పాతది. ఇక్కడ ఫ్లోరైడ్ ఫ్యాక్టరీల నుంచి వచ్చింది కాదు. గ్రానైట్ లాంటి రాళ్లలోని ఖనిజాల నుంచి భూగర్భ జలంలోకి దిగింది. బోరు లోతుకు పోయేకొద్దీ నీరు ఈ రాళ్లతో ఎక్కువకాలం కలిసి ఉంటుంది.

నల్లగొండ పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. నీటిలో పటిక, దానికి సుమారు ఇరవయ్యో వంతు సున్నం, క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. కొద్దిసేపు జోరుగా, ఆ తర్వాత పదినిమిషాల పాటు నెమ్మదిగా కలుపుతారు. గంటసేపు కదపకుండా ఉంచితే తేలికపాటి ముద్దలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరతాయి, పై తేట నీరు తీసుకుంటారు. పటిక మోతాదు ఫ్లోరైడ్‌ను బట్టి, నీటి క్షారత్వాన్ని బట్టి మారుతుంది కాబట్టి పరీక్ష చేయించకుండా వేయకూడదు. సున్నం తగ్గితే నీరు ఆమ్లంగా మారి అల్యూమినియం కరిగే ఉండిపోతుంది. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై గాఢత ఇంకా పెరుగుతుంది.

యూట్రోఫికేషన్ అంటే చెరువు ఎండిపోవడమా?

కాదు, చెరువుకు పోషకాలు మితిమీరి అందడం. యూరియా, డీఏపీ కలిసిన పొలం నీరు, ఇళ్ల మురుగు, డిటర్జెంట్లు చెరువులో నత్రజనినీ భాస్వరాన్నీ పెంచుతాయి. నాచు పచ్చగా కమ్ముకుంటుంది, గుర్రపుడెక్క పరుచుకుంటుంది, లోపలికి వెలుతురు దిగదు. చచ్చిన నాచును కుళ్లబెడుతూ సూక్ష్మజీవులు ఆక్సిజన్ లాగేస్తాయి, చేపలు చస్తాయి. జవాబులో ఈ వరుస తప్పకుండా రాయండి. చేపలు చచ్చేది ఎరువు విషం వల్ల కాదు, ఆక్సిజన్ చాలక. మంచినీటి చెరువుల్లో సాధారణంగా అదుపు చేయవలసింది భాస్వరాన్ని. గుర్రపుడెక్కను తీసి గట్టు మీదే వదిలేస్తే, అది కుళ్లి పోషకాలు వానతో మళ్లీ చెరువులోకే చేరతాయి.

చిత్తడి నేల అంటే బురద నేలా? వరి మడి కూడా వస్తుందా?

ఏడాదిలో కొంతకాలమైనా నీరు నిలిచి, ఆ నీటిని నమ్ముకున్న జీవజాలం ఉన్న చోటు చిత్తడి నేల. సరస్సులు, మడ అడవులు, ఉప్పుటేరులు, ఆటు సమయంలో ఆరు మీటర్లకు మించని లోతున్న తీరజలాలు కూడా రామ్‌సర్ ఒప్పందం నిర్వచనంలోకి వస్తాయి. ఆ ఒప్పందం 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరింది. ఆ నిర్వచనం వరి మడులను కలుపుకోగలదు కానీ, మన దేశపు 2017 చిత్తడి నేలల నిబంధనలు వరి పొలాలనూ, నదీ మార్గాలనూ, సాగుకో తాగునీటికో కట్టిన జలాశయాలనూ మినహాయించాయి. ప్రశ్న ఏ నిర్వచనం గురించో చూసి రాయాలి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే సహజమైన వరద తొట్టి అది. చేపల చెరువుల గట్లు దాన్ని ముక్కలు చేసినప్పుడు పోయింది పక్షుల చోటొక్కటే కాదు, వరదను ఆపే ఆ శక్తి కూడా.

టిఎంసి, క్యూసెక్కు ఒకదానిలోకి ఒకటి ఎలా మార్చాలి?

టిఎంసి నీటి పరిమాణం: వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. క్యూసెక్కు ప్రవాహ వేగం: సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టిఎంసి. ‘ప్రాజెక్టులో 50 వేల క్యూసెక్కుల నిల్వ’ అని రాస్తే అది తప్పు.

## గాలి, శబ్దం

పిఎం 2.5లో 2.5 దేనికి గుర్తు?

కణం వ్యాసానికి, మైక్రోమీటర్లలో. అంతకన్నా చిన్న ధూళి కణాలన్నీ పిఎం 2.5. అవి ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల్లోని గాలిగూళ్ల దాకా పోతాయి. పిఎం 10లో పిఎం 2.5 కూడా కలిసే ఉంటుంది. రెండింటినీ కూడితే ఒకే ధూళిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. జాతీయ ప్రమాణం ప్రకారం పిఎం 2.5 ఘనమీటరుకు 24 గంటల సగటున 60, ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15, 5. ఈ అంకెను ఎక్కడ రాసినా అది రోజు సగటో, ఏడాది సగటో పక్కనే రాయండి. అది లేకపోతే అంకెకు అర్థం లేదు.

ఏక్యూఐ అంటే అన్ని కాలుష్యాల సగటా?

సగటు కాదు. ఏక్యూఐ అంటే వాయు నాణ్యత సూచీ. పిఎం 10, పిఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం అనే ఎనిమిదింటికి విడివిడిగా ఉపసూచీ లెక్కకడతారు. అందులో అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదే ఆ రోజు ఏక్యూఐ. కనీసం మూడింటి కొలతలు ఉండాలి, వాటిలో ఒకటి తప్పనిసరిగా ధూళి కణాలది కావాలి. 0–50 మంచిది, 51–100 సంతృప్తికరం, 101–200 మధ్యస్థం, 201–300 బాగాలేదు, 301–400 అసలు బాగాలేదు, 401–500 తీవ్రం. ఏక్యూఐకి యూనిట్ ఏదీ లేదు. ‘ఏక్యూఐ 180 మైక్రోగ్రాములు’ అని రాయకూడదు.

ఓజోన్ కాపాడుతుందా, హాని చేస్తుందా?

ఎక్కడుందన్న దాన్ని బట్టి. సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో స్ట్రాటోస్ఫియర్‌లో ఉన్న ఓజోన్ అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. నేల దగ్గర ఓజోన్ కాలుష్య కారకం. అది ఏ గొట్టం నుంచీ నేరుగా రాదు, వాహనాల నైట్రోజన్ ఆక్సైడ్లూ ఆవిరయ్యే సేంద్రియ రసాయనాలూ ఎండలో కలిసి తయారవుతుంది. అందుకే దాన్ని ద్వితీయ కాలుష్య కారకం అంటారు. పైనున్న పొరను డాబ్సన్ యూనిట్లలో కొలుస్తారు. 300 యూనిట్లంటే, ఆ ఓజోన్ మొత్తాన్ని సాధారణ పీడనానికి తెస్తే 3 మిల్లీమీటర్ల మందం. 220 కన్నా తగ్గిన చోటును ఓజోన్ రంధ్రం అంటారు, నిజంగా కన్నం ఏమీ పడదు. ఓజోన్ రంధ్రం వల్ల భూమి వేడెక్కుతోందని రాయడం చాలా తరచుగా కనిపించే తప్పు. అవి రెండూ వేర్వేరు సమస్యలు.

ఆమ్ల వర్షం పీహెచ్ 7 కన్నా తక్కువుంటే చాలా?

చాలదు. మామూలు వానలో కూడా కార్బన్ డయాక్సైడ్ కరిగి పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది. అంతకన్నా తగ్గితేనే ఆమ్ల వర్షం. పీహెచ్‌లో ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది.

రెండు మైకులు పెడితే డెసిబెల్స్ రెట్టింపవుతాయా?

అవవు. డెసిబెల్ లాగరిథమ్ కొలత. 80 డెసిబెల్స్ ఇచ్చే మైకు పక్కన అలాంటిదే ఇంకొకటి పెడితే మొత్తం 83. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 హద్దు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు.

## వేడెక్కుతున్న భూమి

హరితగృహ ప్రభావం చెడ్డది కదా, మరి అది లేకపోతే బతకలేమంటారేం?

హరితగృహ ప్రభావం సహజమైనది, అది లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 18 డిగ్రీలుండేది. దాని వల్లే 15 డిగ్రీల దగ్గర ఉంది. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ భూమి వదిలే వేడిని దుప్పటిలా పట్టి ఉంచుతాయి. పరిశ్రమలు, వాహనాలు, అడవుల నరికివేత వల్ల ఈ వాయువులు పెరగడంతో సగటు ఉష్ణోగ్రత పెరగడం భూతాపం. దాని వెంట వానల తీరు, సముద్ర మట్టం, తుపానుల తీవ్రత మారడం వాతావరణ మార్పు. పారిశ్రామిక యుగానికి ముందు 280 పీపీఎం ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

వరి పొలం నుంచి వచ్చే మీథేన్‌ను కార్బన్ డయాక్సైడ్ లెక్కలో ఎందుకు చెబుతారు?

వేర్వేరు వాయువులను ఒకే తక్కెడలో తూచడానికి. వందేళ్ల కాలంలో ఒక కిలో మీథేన్ 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమని ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) ఐదో నివేదిక లెక్క. నైట్రస్ ఆక్సైడ్‌కు ఆ సంఖ్య 265. ఈ సంఖ్యల పేరు భూతాప సామర్థ్యం. 2 కిలోల మీథేన్ అంటే 56 కిలోల ‘కార్బన్ డయాక్సైడ్ సమానం’. వరి మడిలో నీరు ఎప్పుడూ నిలిచి ఉంటే మట్టిలోకి గాలి పోదు, గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. ఆరుతడి పెడితే అది తగ్గుతుంది, నీరూ ఆదా అవుతుంది. కాని మట్టి తడిసి ఆరుతూ ఉన్నప్పుడు నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది కాబట్టి యూరియాను అవసరానికి మించి చల్లకూడదు.

నెట్ జీరో అంటే పొగ పూర్తిగా ఆపేయడమా?

కాదు. వదిలేదెంతో అంతే మొత్తాన్ని అడవులూ, నేలా, సాంకేతిక పద్ధతులూ తిరిగి పీల్చుకునే స్థితి. భారత్ 2070ని లక్ష్యంగా 2021 గ్లాస్గో సదస్సులో ప్రకటించింది.

వడగాలి అని ఎప్పుడు ప్రకటిస్తారు? 40 డిగ్రీలు దాటితేనా?

మైదానాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40కి చేరి, ఆ రోజుకు ఉండాల్సిన సాధారణం కన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి. తేడా 6.4 దాటితే తీవ్ర వడగాలి. సాధారణంతో పని లేకుండా 45కు చేరితే వడగాలి, 47కు చేరితే తీవ్ర వడగాలి. తీరప్రాంతాల్లో 37 డిగ్రీలుండి సాధారణం కన్నా 4.5 ఎక్కువైతే చాలు. అందువల్ల రామగుండంలో 41 మామూలు ఎండ కావచ్చు, విశాఖలో 38 వడగాలి కావచ్చు.

## జీవవైవిధ్యం

తూర్పు కనుమలు జీవవైవిధ్య హాట్‌స్పాటేనా?

ప్రపంచ హాట్‌స్పాట్ల జాబితాలో లేవు. మన విద్యార్థులు ఎక్కువగా పడిపోయే గుంట ఇది. నార్మన్ మైయర్స్ 1988లో ప్రతిపాదించిన ఈ భావనకు ఇప్పుడు రెండు షరతులున్నాయి: మరెక్కడా దొరకని నాళికా మొక్కల జాతులు కనీసం 1,500 ఉండాలి, మూల ఆవాసంలో కనీసం 70 శాతం పోయి ఉండాలి. భారత్‌కు సంబంధించినవి నాలుగు: హిమాలయాలు, ఇండో-బర్మా, పశ్చిమ కనుమలు-శ్రీలంక, నికోబార్ దీవులు భాగమైన సుండాలాండ్. హాట్‌స్పాట్ కానంత మాత్రాన తూర్పు కనుమల విలువ తగ్గదు. ఎర్రచందనం సహజంగా పెరిగేది వాటి దక్షిణ భాగంలోనే. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనిపించింది కడప జిల్లా పొదల్లోనే.

ఎండెమిక్, స్థానిక జాతి, చొరబాటు జాతి – తేడా?

స్థానిక జాతి ఇక్కడ సహజంగా పెరిగేది. వేప మనకు స్థానికం, కాని వేరే దేశాల్లోనూ సహజంగా ఉంది. ఎండెమిక్ జాతి ఒక్క ప్రాంతానికే పరిమితం. బయటి నుంచి వచ్చి, అదుపు లేకుండా వ్యాపించి, ఉన్నవాటిని అణగదొక్కేది చొరబాటు జాతి: సర్కారు తుమ్మ, వయ్యారిభామ, గుర్రపుడెక్క. బయటి నుంచి వచ్చినదల్లా చొరబాటు జాతి కాదు. మిరప కూడా బయటిదే, అది అడవిని ఆక్రమించలేదు.

ఐయూసీఎన్ వర్గం, వన్యప్రాణి చట్టం షెడ్యూలు ఒకదాన్ని బట్టి ఒకటి మారతాయా?

మారవు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితా అంతరించే ముప్పు ఎంతో చెప్పే శాస్త్రీయ మదింపు. షెడ్యూలు మన చట్టం ఇచ్చే రక్షణ. నెమలి ఐయూసీఎన్ లెక్కలో ఆందోళన లేని జాతి, కాని మన చట్టంలో మొదటి షెడ్యూలు. కలివికోడి, బట్టమేకపిట్ట అత్యంత ప్రమాదంలో ఉన్న వర్గం. పులి ప్రమాదంలో ఉన్న వర్గం. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు దాని కింది మెట్టులో (వల్నరబుల్ వర్గంలో) ఉంది. ఈ మూడు వర్గాలను కలిపి ముప్పున్న జాతులంటారు. 1972 చట్టంలోని ఆరు షెడ్యూళ్లను 2022 సవరణ నాలుగుకు కుదించింది. పాత గైడుల్లో ఇంకా ఆరే ఉంటాయి.

జాతీయ పార్కు, అభయారణ్యం, బయోస్ఫియర్ రిజర్వు ఎలా వేరు?

మొదటి రెండూ 1972 వన్యప్రాణి చట్టం కింద ఏర్పడతాయి. జాతీయ పార్కులో పశువులను మేపడానికి వీల్లేదు, ప్రైవేటు హక్కులు ఉండవు. అభయారణ్యంలో అధికారి అనుమతితో కొన్ని హక్కులు కొనసాగవచ్చు. విస్తీర్ణానికి సంబంధం లేదు, హైదరాబాద్ నగరం మధ్యలో ఉన్న కేబీఆర్ కూడా జాతీయ పార్కే. బయోస్ఫియర్ రిజర్వు యునెస్కో కార్యక్రమం నుంచి వచ్చిన ఏర్పాటు: నడుమ కేంద్ర మండలం, చుట్టూ బఫర్, వెలుపల మనుషులు బతుకుతూ ఉండే పరివర్తన మండలం. 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు లోపలే శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. శేషాచలం యునెస్కో ప్రపంచ జాబితాలో లేదు.

జైవిక వ్యవస్థాపనం, జైవిక వృద్ధీకరణం – రెండూ విషం పేరుకోవడమే కదా?

మొదటిది ఒకే జీవి శరీరంలో కాలంతో పాటు పేరుకోవడం. రెండోది ఆహార గొలుసులో పై మెట్టుకు పోయేకొద్దీ గాఢత పెరగడం. పాఠ్యపుస్తకాల్లోని డీడీటీ ఉదాహరణలో నీటిలో 0.003 పీపీబీ ఉన్నది జంతుప్లవకాల్లో 0.04 పీపీఎం, చిన్న చేపల్లో 0.5, పెద్ద చేపల్లో 2, చేపలు తినే పక్షుల్లో 25 పీపీఎం అవుతుంది. నీటి అంకె పీపీబీలో, మిగతావి పీపీఎంలో ఉన్నాయి, అది చూడకపోతే లెక్క వెయ్యి రెట్లు తప్పుతుంది. కొవ్వులో కరిగి, త్వరగా విచ్ఛిన్నం కాని పదార్థాలే ఇలా వృద్ధి చెందుతాయి. మిథైల్ పాదరసం కొవ్వుకు బదులు ప్రోటీన్లకు అంటుకుని అదే పని చేస్తుంది.

## చెత్త, అనుమతులు, చట్టాలు

‘బయోడిగ్రేడబుల్’ అని రాసిన కవరును పెరట్లో పాతితే కుళ్లిపోతుందా?

నమ్మకం లేదు. జీవవిచ్ఛిన్నత అంటే సూక్ష్మజీవులు ఎప్పటికైనా విడగొట్టగలగడం, ఎంతకాలానికో ఆ మాట చెప్పదు. కంపోస్టబుల్ అంటే నిర్ణీత వేడి, తేమ ఉన్న కంపోస్టు కేంద్రంలో నిర్ణీత గడువులో ఎరువుగా మారేది. పెరటి గుంటలో అంత వేడి పుట్టదు. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కలు మైక్రోప్లాస్టిక్‌లు. మామూలు ప్లాస్టిక్ ఎండకు పొడిపొడి అయినంత మాత్రాన విచ్ఛిన్నమైనట్టు కాదు.

కంపోస్టులో కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి ఎంత? వాసన ఎందుకు వస్తుంది?

25–30కి 1. ఎండుటాకులు, గడ్డి కార్బన్ ఇస్తాయి. కూరగాయల తొక్కలు, పేడ నైట్రోజన్ ఇస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే నీరు ఎక్కువై గాలి అందడం లేదు. అమ్మోనియా ఘాటు వస్తే నైట్రోజన్ ఎక్కువైంది. రెండింటికీ ఎండుటాకులు కలిపి తిరగేయాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి.

ఈఐఏ వచ్చిందంటే అనుమతి వచ్చినట్టేనా? ప్రజాభిప్రాయ సేకరణ, గ్రామసభ ఒకటేనా?

రెండూ కాదు. ఈఐఏ అంటే ప్రాజెక్టు పర్యావరణం మీద చూపే ప్రభావాన్ని అంచనా వేసిన నివేదిక. పర్యావరణ అనుమతి దాన్ని పరిశీలించాక ఇచ్చేది. 2006 సెప్టెంబర్ 14 నోటిఫికేషన్ ప్రకారం ‘ఏ’ వర్గం ప్రాజెక్టులకు కేంద్రం, ‘బి’ వర్గానికి రాష్ట్ర స్థాయి సంస్థ నిర్ణయిస్తాయి. బి2 కింద వచ్చేవాటికి ఈఐఏ నివేదిక అక్కర్లేదు.

ప్రజాభిప్రాయ సేకరణను కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది. కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. కోరం అవసరం లేదు, ఎందరొచ్చినా జరుపుతారు. రానివాళ్లు లిఖితపూర్వకంగా అభిప్రాయం పంపవచ్చు. గ్రామసభ పంచాయతీ చట్టం కిందిది, దాని తీర్మానం ఇది కాదు. ఊరివాళ్లు ఈ తేడా తెలియక ఒక చోట చెప్పిన అభ్యంతరం రెండో చోట నమోదైపోయిందనుకుంటారు, నమోదు కాదు.

సిఎఫ్ఈ, సిఎఫ్ఓ అంటే?

1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సమ్మతులు. సిఎఫ్ఈ పరిశ్రమ కట్టడానికి, సిఎఫ్ఓ నడపడానికి. పర్యావరణ అనుమతి అవసరమైన ప్రాజెక్టుకు 2024 వరకు ఉన్న వరుస ఇది: అనుమతి, సిఎఫ్ఈ, నిర్మాణం, సిఎఫ్ఓ, ఉత్పత్తి.

చట్టాల, ఒప్పందాల సంవత్సరాలన్నీ కలిసిపోతున్నాయి. ఎలా విడదీయాలి?

ఏ సంఘటన తర్వాత ఏది వచ్చిందో కలిపి చదవండి. 1972లో స్టాక్‌హోమ్ సదస్సు జరిగింది. ఆ ఆలోచనలే 1976లో 42వ రాజ్యాంగ సవరణతో 48ఏ, 51ఏ(జి) అధికరణలయ్యాయి. 1984 డిసెంబర్ 2–3 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ లీకైంది, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఓజోన్‌కు 1985 వియన్నా, 1987 మాంట్రియల్. 1992 రియో సదస్సులో వాతావరణ మార్పు, జీవవైవిధ్యం ఒప్పందాలు సంతకాలకు వచ్చాయి. మొదటి దాని నుంచి 1997 క్యోటో, 2015 పారిస్. రెండో దాని నుంచి మన 2002 జీవవైవిధ్య చట్టం. 2012 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగిన కాప్-11 జీవవైవిధ్య ఒప్పందానిది, వాతావరణ మార్పుది కాదు. ‘కాప్’ అన్నది ఏ ఒప్పందానికైనా సభ్యదేశాల సమావేశం కాబట్టి, ఆ అంకె పక్కన ఒప్పందం పేరు రాయాలి.